పేరు రాయని అభినందనలు

ఆ బుధవారం ఉదయం పార్తినా వేసుకున్న పథకం చాలా చిన్నది. సోతో సూపు కుండ పొయ్యి మీద పెట్టి, కోడిమాంసం ఉడికేలోగా పూల దుకాణానికి వెళ్లి రావాలి. పూలతో కూర్చిన అభినందనల బోర్డు ఒకటి పురమాయించాలి. మధ్యాహ్నానికల్లా అది హందారు గారి గేటు పక్కన నిలబడాలి. అంతే.

పాత బజారు కూల్చక ముందు ఆమె సోతో కొట్టు ముందు వరుసలో, మెట్లెక్కగానే కుడిచేతి వైపు ఉండేది. కొత్త బజారు కట్టేదాకా అని చెప్పి రోడ్డు పక్కన టార్పాలిన్ కిందికి తరిమారు. వాన పడితే సూపులో నీళ్లు, ఎండ కాస్తే సూపులో దుమ్ము. సగం మంది గిరాకీలు అప్పుడే పోయారు. ఇప్పుడు బజారు సిద్ధమైంది. ఎవరికి ఏ దుకాణమో తేల్చేది బజారు అధికారి. పాతాయన రిటైరయ్యాడు. కొత్తాయన హందారు అని ఊళ్లో కోళ్లకు కూడా తెలుసు. ఆయన బుపాతి గారి భార్యకు పినతండ్రి కొడుకు. జిల్లాను ఏలేది బుపాతి అయితే, బుపాతిని ఏలేది ఆవిడ. ఉత్తర్వు మాత్రం శుక్రవారం రావాలి.

"ఉత్తర్వు రాకముందే అభినందనలేంటి తినా?" అన్నాడు భర్త సర్వోనో, స్కూటరు తుడుస్తూ.

"వచ్చాక అందరూ పెడతారు మాస్. వీధి మలుపు దాకా బోర్డులే. మనది ఆ చివర పడితే ఎవడు చూస్తాడు? మొదటి బోర్డు పెట్టినవాళ్లని పెద్దమనిషి మరిచిపోడు."

"తిన్న సోతోకి డబ్బులివ్వడం మరిచిపోతాడుగా!"

"అది వేరే మరుపు. నువ్వు బండి తియ్యి."

పూల దుకాణం లియాన్‌కు ఈ వ్యాపారంలో కష్టసుఖాలు బాగా తెలుసు. "పేరు రాయను బూ, ఏమీ అనుకోకండమ్మా," అంది వెంటనే. "శుక్రవారం ఇంకెవరి పేరో వచ్చిందనుకోండి? పోయిన ఎన్నికల్లో ఓడినాయనకి గెలిచావంటూ బోర్డు పంపాను. ఆయన మనుషులొచ్చి నా కుండీలన్నీ పగలగొట్టిపోయారు. 'బజారు కొత్త అధికారికి హృదయపూర్వక అభినందనలు' అంటే చాలు. ఎవరింటి ముందు పెడితే వాళ్లకే."

"మరి కింద నా పేరు?"

"పార్తినా, సోతో కొట్టు అని రాస్తే హోటల్ బోర్డులా ఉంటుంది. 'పాత బజారు వర్తకుల పెద్ద కుటుంబం' అని పెడదాం. బరువుంటుంది. మీ పేరు ఆ కింద చిన్నగా."

ఆ బరువే కొంప ముంచింది.

హందారు ఇల్లు కెనంగా వీధి ఆ చివర. వీధి నడుమ పెద్ద గొయ్యి. మురుగు కాలువ పేరుతో తవ్వారు. తవ్వించిన కాంట్రాక్టరు యుదోనో, హందారుకు స్వయానా బావమరిది. కాలువ పూర్తయిందని బిల్లు తీసుకున్నాడు, గొయ్యిని మాత్రం ప్రజలకు వదిలేశాడు. గోతి మీద వేసిన ఒంటి పలక దాటి, తలుపు కన్నా వెడల్పయిన బోర్డును మోసుకెళ్లడం పూల వ్యాను డ్రైవరు వల్ల కాలేదు. ఇల్లు గోతికి ఇవతలే ఉందేమోనన్న ఆశతో, వీధి మొదట్లో బట్టలు ఉతుకుతున్న ఒకావిడను అడిగాడు.

"బజారు ఆఫీసాయన ఇల్లెక్కడమ్మా?"

ఆవిడ చూపుడువేలు ఎత్తకుండా, నురగ చేతి బొటనవేలితో మర్యాదగా మలుపులోని ఇల్లు చూపించింది. అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఉండే పోనిరాన్ బజారు ఆఫీసు మనిషే. బజారు ముందు బళ్లకు పార్కింగ్ చీటీలు చింపి ఇస్తాడు. డ్రైవరు బోర్డును ఆ గోడకు ఆనించి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

దాన్ని ముందుగా చూసినవాడు యుదోనోయే. బావ ఇంటికి వెళ్తూ ఠక్కున ఆగిపోయాడు. బజారు కొత్త అధికారి. వర్తకుల పెద్ద కుటుంబం. పోనిరాన్ గోడ. వర్తకులంతా కలిసి ఖర్చు పెట్టారంటే లోపలి సమాచారం లేకుండా పెడతారా? బావకు ఫోన్ చేశాడు. పదవి ఖాయం కావాలని కొండ మీద ఎవరో మహానుభావుడి సమాధి దగ్గర మొక్కుకుంటున్న హందారు ఫోన్ కట్టేసి ఉంది. యుదోనో ఇంకా దక్కించుకోవాల్సిన పనులున్న కాంట్రాక్టరు. బంధుత్వం గురించి కాసేపు ఆలోచించాడు. మరో గంటలో రెండో బోర్డు దిగింది. మొదటి దానికి రెట్టింపు.

మధ్యాహ్నం పార్తినా తన బోర్డు చూసుకుని మురిసిపోదామని వచ్చింది. మలుపు తిరగ్గానే భర్త భుజం గట్టిగా పట్టుకుంది.

"మాస్! మన బోర్డు ఇక్కడెందుకుంది? ఇంకా మూడున్నాయే!"

"మనం చెడింది కాక ఊరిని చెడగొట్టాం. దిగు, మోసుకుపోదాం."

ఇద్దరూ చెరో కాలు పట్టుకుని బోర్డును ఎత్తారు. నాలుగడుగులు వేశారో లేదో, సిమెంటు వ్యాపారి మనుషులు అప్పుడే తమ బోర్డు దింపుతూ చూశారు.

"ఒరేయ్, వర్తకులు తమ బోర్డుని గుమ్మం దగ్గరికి జరుపుకుంటున్నారు! మనదీ జరపండ్రా!"

తర్వాత జరిగింది తోపులాట. బ్యాంకు వాళ్ల బోర్డు సిమెంటు బోర్డును నెట్టింది. సిమెంటు బోర్డు యుదోనో బోర్డు మీద పడింది. ఎవరో పార్తినా చేతుల్లోంచి బోర్డు లాక్కుని, "పెద్ద కుటుంబం వాళ్లకి మొదటి చోటివ్వండి, వాళ్లే ముందొచ్చారు," అంటూ పోనిరాన్ తలుపు పక్కనే భద్రంగా నిలబెట్టాడు.

ఆ అలికిడికి పోనిరాన్ బయటికొచ్చాడు. లుంగీ, బనీను, చేతిలో పావురం పంజరం. పూల గోడను చూసి పంజరం గుండెలకు హత్తుకున్నాడు.

"నేనేం తప్పు చేశాను బూ? ఎవరి బండైనా పోయిందా?"

పార్తినా ఆయన్ని పక్కకు లాగింది. "ఇదంతా పొరపాటు పాక్. హందారు గారికి పంపిన బోర్డు మీ ఇంటికొచ్చింది. దాన్ని చూసి ఈ మంద తగులుకుంది. మీరే గట్టిగా చెప్పెయ్యండి, నాకేం తెలీదని."

"చెప్తాను, చెప్తాను. అమ్మయ్య! నేను చచ్చాననుకున్నారేమోనని భయపడ్డాను."

ఆయన నోరు తెరిచేలోగా తాలూకా అధికారి కారు వచ్చి ఆగింది. ఎప్పుడూ పార్కింగ్ డబ్బులు అద్దం సందులోంచి విసిరే ఆ అధికారి దిగి వచ్చి, రెండు చేతులతో పోనిరాన్ చెయ్యి పట్టుకున్నాడు.

"పాక్ పోనిరాన్, మీ నిరాడంబరత చూస్తే ముచ్చటేస్తోంది. ఇన్నాళ్లూ మాకు తెలియనివ్వలేదే!"

"నాకేం తెలీదండీ," అన్నాడు పోనిరాన్.

"చూశారా!" అన్నాడు అధికారి పక్కవాళ్లతో. "ఇదీ పెద్దవాళ్ల లక్షణం. ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఒక్క మాట పైకి రాదు."

ఆయన వెళ్లాక పోనిరాన్ చాలాసేపు తన చేతినే చూసుకున్నాడు. తర్వాత పార్తినా వైపు తిరిగాడు. గొంతులో ఇందాకటి వణుకు లేదు.

"పొరపాటంటారా బూ? ఇంతమందికీనా?"

గురువారం పొద్దుటికి బోర్డులు వీధి దాటి పెద్ద రోడ్డెక్కాయి. జరిగిన పొరపాటు అందరికీ చెప్పమని పార్తినా లియాన్ కాళ్లా వేళ్లా పడింది. "బూ, మీకు దండం పెడతాను, శుక్రవారం దాకా నోరు మెదపకండి. చుట్టుపక్కల ఊళ్లలో పసుపు పూలు అయిపోయాయి," అని లియాన్ ఎదురు బతిమాలింది. సాయంత్రం కొండ మీంచి దిగిన హందారు వీధి మొదట్లో నిలబడి బోర్డులన్నీ చదివాడు. బావమరిది బోర్డు రెండుసార్లు చదివాడు. బుపాతి తన చెయ్యి వదిలేశాడని ఆయనకు అర్థమైపోయింది. వెళ్లి ఎందుకని అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. లియాన్‌కు ఫోన్ చేశాడు. అన్నిటికన్నా పెద్ద బోర్డు ఆయనదే.

ఆ బోర్డు ఫొటోయే కథ తేల్చింది. ఆ సంగతి బుపాతి కారు డ్రైవరు మర్నాడు సోతో తాగుతూ చెప్పాడు.

"అయ్యగారు ఫొటో చూసి తెల్లబోయారు బూ. హందారు గారే ఒప్పేసుకున్నారంటే ఈ పోనిరాన్ వెనక గవర్నరైనా ఉండాలి, రాజధానిలో పార్టీవాళ్లైనా ఉండాలి అన్నారు. కనుక్కోమని అమ్మగారు అంటే, కనుక్కుంటే నాకు తెలీదని వాళ్లకి తెలిసిపోదా అని కసిరారు. పొద్దున్నే పోనిరాన్ పేరుతో ఉత్తర్వు మీద సంతకం పెట్టేశారు. కాస్త నిమ్మకాయ వెయ్యండి."

పార్తినా నిమ్మకాయతో పాటు మాంసం కూడా వేసింది. ఎన్నో నెలల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. హందారు అయితే ఇంకా ఎన్ని బోర్డులు పెట్టాలో, ఎన్ని కుండలు ఊరికే పొయ్యాలో. ఇతను మనవాడు. ఎండలో నిలబడ్డవాడు. పైగా ఆ కుర్చీ ఎవరి వల్ల వచ్చిందో ఇతనికి బాగా తెలుసు.

సోమవారం బజారు ఆఫీసుకు వెళ్లింది. బయట బెంచీ మీద హందారు, యుదోనో చెరో చివర కూర్చుని ఉన్నారు. ఆమెను మాత్రం వెంటనే లోపలికి పిలిచారు. పోనిరాన్ కొత్త బాతిక్ చొక్కాలో లేచి నిలబడి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"మిమ్మల్ని మరిచిపోతానా బూ? ఈ జన్మలో మరిచిపోను."

"నాకేం పెద్ద కోరికల్లేవు పాక్. నా పాత చోటు. మెట్ల పక్కన కుడిచేతి వైపు."

"ఆ చోటా?" పోనిరాన్ మొహం నిజంగానే నొచ్చుకుంది. "అది మా మరదలికి రాసేశాను. దాని పక్కవి యుదోనో గారివి. కాలువ పూడ్పించి పుణ్యం కట్టుకుంటానన్నారు. అయినా మీకెలా ఇవ్వగలను? ఊళ్లో మొదటి బోర్డు మీది. ముందు వరుస మీకిస్తే జనం ఏమంటారు? పూలు తీసుకుని దుకాణం ఇచ్చాడంటారు."

"మిగతావాళ్లూ పూలు పెట్టారుగా!"

"పెట్టారు. కానీ వాళ్లు నా అర్హత చూసి పెట్టారు," అన్నాడు పోనిరాన్. అతని కళ్లలో ఎగతాళి లేదు. నమ్మకం ఉంది. "మీరు మాత్రం పొరపాటున పెట్టారు. మీరే అన్నారుగా."

పార్తినాకు కోళ్లు కోసే గది వెనక, కిటికీ లేని దుకాణం దక్కింది.

కొత్త బజారు మొత్తంలో పక్షపాతం లేకుండా ఇచ్చిన దుకాణం అదొక్కటే.