పేదరికాన్ని తరిమిన మా కుర్చీ

పేదరికం పోవాలంటే పంచవర్ష ప్రణాళికలు అక్కర్లేదు. ఒక ఇనుప కుర్చీ చాలు! నమ్మరా? అయితే ఒకసారి మా చిట్కుల్ రండి.

నేను పటాన్‌చెరు పక్కన ఒక ఫ్యాక్టరీలో స్టోర్ క్లర్కుని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, క్వార్టర్ దొరక్క ఇక్కడ కిరాయికి ఉంటున్నాను. మా వాడకట్టు మొత్తానికి కుర్చీ అంటూ ఉన్నది మా ఇంట్లోనే.

ఇది ఇరవై సూత్రాల కాలం కదా! పేదలకు ఇళ్ల స్థలాలు ఇస్తామంటూ ఆమధ్య ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. మా వెనక గుడిసెలో మొగులమ్మ ఉంటుంది. ఆమె కూలికి పోయే పొలాల్లో ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ లేచింది. గుడిసె ఉన్న జాగా కూడా పరాయిదే, వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నారు. స్థలం వస్తే సరి, లేకపోతే రోడ్డే గతి.

అలాంటి మనిషి ఏం చేసింది? పొద్దున్నే మా ఆవిడ నాగరత్నం దగ్గరకొచ్చి, “అమ్మా, ఆఫీసర్ సారు వస్తుండంట. జెర కుర్సీ ఇయ్యిండ్రి, స్టీలు గిలాస గూడ,” అని పట్టుకుపోయింది.

ఆఫీసరు కూర్చున్నాడు, చాయ్ తాగాడు, కుర్చీ ఉన్న ఇల్లు కదా, వీళ్లు కలిగినవాళ్లు అని రాసుకున్నాడు. ఆయన లేవగానే కుర్చీ దొడ్డిదారిన పక్క గుడిసె ఓదెలు ఇంటికి చేరింది. అక్కణ్ణుంచి బీరమ్మ ఇంటికి. అన్నిచోట్లా ఒకటే కుర్చీ అని ఆయనకు తట్టలేదా అంటారా? కూర్చున్నవాడు ఎప్పుడైనా కుర్చీ వంక చూస్తాడా, చెప్పండి! మధ్యాహ్నానికల్లా మా వాడకట్టులో పేదవాడన్నవాడు లేడు. సర్కారుకు ఎంత మిగులు!

చివరికి ఆయన మా గుమ్మంలోకి వచ్చేసరికి కుర్చీ ఇంకా బీరమ్మ వాకిట్లోనే ఉంది. నాగరత్నం చాప పరిచి, సొట్టలు పడ్డ సత్తు చెంబుతో నీళ్లిచ్చింది. ఆఫీసరు మనసు కరిగిపోయింది. మా ఆయనకు ఉద్యోగం ఉందండీ అని ఆవిడ చెబుతున్నా, “ఎంత ఆత్మాభిమానం తల్లీ నీకు,” అన్నాడట.

ఇంటి స్థలం నాకు మంజూరైంది!

వద్దని చెప్పడానికి ఆఫీసుకు వెళ్లాను. ఒకసారి పేదవాడివని రాశాక ఊరికే కొట్టెయ్యడం కుదరదట. వాడకట్టంతా మళ్లీ విచారించాలన్నారు. ఆ విచారణ రేపే.

ఈ పొద్దున మొగులమ్మ మళ్లీ కుర్చీకి వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

“ఆయన్ని నిలబడనీ మొగులమ్మా. అప్పుడన్నా నీ గుడిసె కనబడుతుంది,” అన్నాను.

“ఇంటికొచ్చిన మనిషిని నిలవెడ్తమా సారూ? గరీబోళ్లమైతె ఏంది, గంత మర్యాద లేదా మాకు?”

నాగరత్నం లోపలి నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

గరీబోళ్లమని మొగులమ్మ తన నోటితోనే చెప్పింది, విన్నారుగా? మీరూ నేనూ వింటే ఏం లాభం? రాసుకునేవాడు రేపు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటాడు.