మూసుకుపోయిన చెవులతో వ్యాపారం

చెవులు మూసుకుపోయాయని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. బేరాలు చేసుకుని బతికేవాడికి వినికిడంత దండగ ఇంకోటి లేదు!

నాది పైపులు, కొళాయిల దుకాణం. ఆ మధ్య ఒక జలుబు వచ్చి, పోతూ పోతూ నా రెండు చెవులకూ బిరడాలు బిగించి పోయింది. నా గొంతు నాకే బిందెలోంచి వచ్చినట్టుండేది. ఎదుటివాళ్లదైతే ఆ మాత్రం కూడా లేదు.

కష్టమే అనుకుంటున్నారా? కొనేవాడొచ్చి కొళాయి తిప్పి చూసి, సగానికి సగం అడుగుతాడు. నాకు వినపడదు. వాడి మొహంలోకే చూస్తూ కూర్చుంటాను. వాడికి గుండె జారి, తనే కాస్త పెంచుతాడు. నేను చూస్తూనే ఉంటాను. ఇంకాస్త పెంచుతాడు! ముప్ఫయ్యేళ్లు గొంతు చించుకున్నా రానిది ఊరికే కూర్చుంటే వచ్చింది.

ఇంట్లో పద్ధతి వేరు. దుకాణంలో ఊరుకుంటే కుదరదని అర్థం, ఇంట్లో ఊరుకుంటే అలిగానని అర్థం. అందుకని ఇంట్లో ఎవరి పెదవులు కదిలినా తలూపేవాణ్ణి. పెళ్లైన కొత్తలో కూడా అంత శాంతి ఎరగను.

మా ఆవిడ అలా ఉండనిస్తేగా? అరిచి అరిచి తన గొంతు పోయేలా ఉందని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ముక్కు వెనక నుంచి చెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుందట, గాలాడేందుకు. అది మూసుకుందట. ముక్కులోంచి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, తీసేస్తానని డాక్టరు బొమ్మ గీసి, పక్కన రాసి చూపించారు. మత్తు ముక్కు వరకే, మనిషి మెలకువగానే ఉంటాడట.

చెవికి ముక్కులోంచి దారేమిటని అడిగాను. ఆయన నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అన్నారు: "పైపులమ్మే మీరే ఇలా అడిగితే ఎలాగండీ?"

ఆ తర్వాత ఇంకేదో అడిగారు. అలవాటుకొద్దీ తలూపాను. కుర్చీ వెనక్కి వాల్చేశారు!

మత్తుకు ముక్కు కొయ్యబారిపోయింది. లోపల ఎవరో సామాన్లు సర్దుతున్నట్టుంది. కాసేపటికి రెండు వైపులా టప్‌మంది. మొట్టమొదట వినపడింది నర్సమ్మ గొంతు. "అయిపోయింది బాబాయ్. ఇక నా చెయ్యి వదలండి."

నాలుగు రోజులు ఇంట్లో ఉండి దుకాణానికి వెళ్లాను. నా కుర్చీలో మా అమ్మాయి. ప్రతి కొళాయికీ ఒక ధర చీటీ. గోడ మీద 'బేరాలు లేవు' అని బోర్డు.

"ఇదేంటమ్మా?"

"భోజనాల దగ్గర అడిగాను కదా నాన్నా. కుర్చీ సంగతీ అడిగాను. రెండింటికీ తలూపారు."

స్టూలు మీద కూర్చున్నాను. ఒకతను వచ్చి చీటీ చదివాడు, ఫోన్లో డబ్బు కట్టి చూపించాడు, కొళాయి తీసుకుని వెళ్లిపోయాడు. వాడూ మాట్లాడలేదు, మా అమ్మాయీ మాట్లాడలేదు. నా చెవులు మాత్రం దివ్యంగా పనిచేస్తున్నాయి. ఫ్యాను తిరగడం బ్రహ్మాండంగా వినిపిస్తోంది.

అయ్యలారా, అమ్మలారా, మీలో బేరమాడేవాళ్లెవరైనా మిగిలుంటే ఒకసారి మా దుకాణానికి రండి. మా అమ్మాయి భోజనానికి వెళ్లే వేళ చూసుకుని రండి. కొనకపోయినా ఫర్వాలేదు, కాసేపు నాతో పోట్లాడి పొండి.