పెద్ద స్కూల్లో బంగారం లాంటి పిల్లాడు

ఆ పొద్దున్న ఓఫీలియా ఆఫీసువాళ్ల కోసం వేడివేడి మొక్కజొన్న పిండి తమాలెలు పొట్లం కట్టుకుని పెద్ద హైస్కూలుకు బయల్దేరింది. కొడుకు ఎఫ్రైన్ మార్కులు చాలక, వెనకబడ్డవాళ్లను గట్టెక్కించే చిన్న కంటిన్యుయేషన్ స్కూలుకు మారి రెండు నెలలైంది. వాణ్ని ఎలాగైనా వెనక్కి తేవాలి. జూన్‌లో పెద్ద స్కూలు స్టేడియంలో బ్యాండు మోగుతుంటే వాడు నల్లటోపీ పెట్టుకుని పట్టా అందుకోవడానికి నడవాలి. వదిన కాన్సుయెలో కొడుకు నడుస్తున్నాడు మరి! ఆవిడ ముందు తలెత్తుకోకపోతే ఓఫీలియాకు ముద్ద దిగదు.

"మావాణ్ని మళ్లీ చేర్చుకోండి సార్," అంది.

"మళ్లీ ఏంటమ్మా, ఇక్కడే ఉన్నాడుగా!" అని వైస్ ప్రిన్సిపల్ డన్‌లీవీ హాజరు పట్టీలో పేరు చూపించి, చరిత్ర మేష్టారికి స్పీకర్‌లో ఫోన్ కలిపాడు.

"ఎఫ్రైనా? బంగారం లాంటి పిల్లాడు సార్! వెనక కూర్చుంటాడు, నోరెత్తడు. ఇందాకే చూశా."

ఓఫీలియా పొట్లం బల్ల మీద పడేసింది. వెధవ ఆ స్కూలు ఎగ్గొట్టి ఈ స్కూలుకు వస్తున్నాడా? స్కూలు ఎగ్గొట్టి స్కూలుకు పోయే పిల్లాడు భూమ్మీద ఉంటాడా అని ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. మైకులో పిలిచారు. రాలేదు. ఇందాక ఉన్నవాడు ఇప్పుడు లేడంటే మాయమైనట్టే కదా! గేట్లు మూసేశారు. ఏదో ప్రమాదమనుకుని స్కూలు స్కూలంతా బల్లల కింద దూరింది. గార్డులు బాత్రూముల వెనక నుంచి సిగరెట్లతో సహా నలుగుర్ని ఈడ్చుకొచ్చారు.

"వీళ్లలో ఎవడూ కాదామ్మా? సరిగ్గా చూడండి," అన్నాడొక గార్డు, ఆశగా.

ఓఫీలియా బావురుమంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. చిన్న స్కూలు ప్రిన్సిపల్ తఫోయా.

"ఏమ్మా, నీ కొడుకు ఇవాళా ఆలస్యమే. మేజోళ్లు చూస్తే రెండూ రెండు రంగులు. రాత్రి నిద్రపోనిచ్చావా లేదా?"

"వాడు... అక్కడున్నాడా?"

"ఎక్కడికి పోతాడు? నా ఎదురుగా కూర్చుని లెక్కలు చేస్తున్నాడు."

డన్‌లీవీ గబగబా గది తలుపు మూశాడు. "జరిగిందేదో జరిగింది మేడం, బయటెక్కడా అనకండి. ఇప్పుడే చేర్చేసుకుంటాం. స్టేడియంలో మొదటి వరుస!"

ఓఫీలియా కళ్ల ముందు బ్యాండు మోగింది, కాన్సుయెలో మొహం మాడింది. మనసు లాగేసింది పాపం. అయినా లేచి నిలబడింది.

"నా కొడుకు ఉన్నాడో లేడో తెలియని చోట వాణ్నెలా వదిలిపెట్టను సార్?"

ఆమె చిన్న స్కూలుకొచ్చి చెప్పిన సంగతి విని ఎఫ్రైన్ లబోదిబోమన్నాడు. "అమ్మా, నన్ను పెద్ద స్కూలుకే పంపించవే! అక్కడ నేను పోకపోయినా బంగారం లాంటి పిల్లాణ్నే!"

తఫోయా వాడి ముందు ఇంకో లెక్క పెట్టింది.