అత్తగారి మేడ మీద దిగిన డ్రోన్

పొద్దున్నే ఫొటోగ్రాఫర్ డ్రోన్‌ను సంచీలో సర్దుకుంటుంటే, భార్య రూల్సు కాగితం పట్టుకుని వెంటపడింది. పదింటికి బడి భవనాన్ని పైనుంచి ఫొటోలు తీయాలి. డ్రోన్ కొన్నాక దొరికిన మొదటి పని. కుదిరితే ఏడాది పొడవునా ఆ బడి పనులన్నీ ఆయనవే. చెడితే అత్తగారి మాట నిజమవుతుంది. "నా కూతురి పెళ్ళి ఫొటోలో నా తలే కోసేసినవాడు, ఆకాశంలోంచి ఏం తీస్తాడు?" అని ఆవిడ ఊరంతా టముకు వేసింది.

"జనం నెత్తి మీద ఎగరేయకూడదు. అడక్కుండా ఇళ్ళ మీదికి పోనివ్వకూడదు. ఎగరేసే ముందు, తిరిగి ఎక్కడికి రావాలో దానికి కొత్తగా గుర్తు పెట్టాలి. వింటున్నారా?"

"వింటున్నానే తల్లీ! అదేమన్నా దూడా, దారి తప్పడానికి?"

బడి దగ్గర హెడ్‌మాస్టరమ్మ పక్కనే నిలబడి చూస్తుంటే ఆయనకు హుషారు పుట్టి, గుర్తు సంగతి మరిచి ఎగరేశాడు. నాలుగు ఫొటోలు తీశాడో లేదో గాలి లేచింది. వెనక్కి రమ్మనే బటన్ నొక్కాడు. నిన్న ఆయన ఎగరేయడం నేర్చుకున్నది అత్తగారి మేడ మీద; పాత గుర్తు అక్కడే ఉండిపోయింది. డ్రోన్ బుద్ధిగా ఆయన తల మీదుగా మూడు వీధులవతల ఉన్న ఆ ఇంటికే బయల్దేరింది.

ఫోన్ తెర మీద అత్తగారు ప్రత్యక్షమైంది. తడి తువ్వాలు రెండు చేతులా ఊపుతోంది, నోరు ఆగకుండా ఆడుతోంది. మాటలు వినిపించకపోయినా ఆయనకు అన్నీ అర్థమయ్యాయి. బట్టల క్లిప్పులు కూడా విసిరింది.

"కొంప మునిగింది! మీ అమ్మ బట్టలారేసుకుంటుంటే ఫొటోలు తీశాననుకుంటోంది," అని భార్య ఆఫీసుకు ఫోన్ చేశాడు.

ఆమె తల్లికి మూడుసార్లు చేసింది. "ఎత్తడం లేదండీ. కోపం నషాళానికి అంటినట్టుంది. నేనూ వస్తున్నా, పదండి."

"తప్పు గాలిదని నేను చెప్తాను," అంటూ హెడ్‌మాస్టరమ్మా బయల్దేరింది.

ముగ్గురూ వెళ్ళేసరికి తలుపుకు లోపల గడియ. ఎంత కొట్టినా తీసేవాళ్ళు లేరు. పక్కింట్లో బండలు కోసే మెషిను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఇక లాభం లేదని ఆయన చేతులు జోడించి గొంతు చించుకున్నాడు.

"అత్తయ్యగారూ! అడక్కుండా ఇంటి మీదికి పంపాను, తప్పే! నెత్తి మీద ఎగరేశాను, తప్పే! గుర్తు పెట్టలేదు, అదీ తప్పే!"

సరిగ్గా అప్పుడు మెషిను ఆగింది.

"తప్పులు తర్వాత లెక్కపెట్టుకుందాం, ముందు నిచ్చెన తే నాయనా!" అని మేడ మీద నుంచి బొంగురు గొంతు వినిపించింది.

ఏడింటికి బట్టలారేయడానికి వెళితే మేడ తలుపు ఆవిడ వెనకాల మూసుకుపోయి బిగుసుకుందట. ఫోన్ వంటింట్లో ఉంది. అరిస్తే మెషిను మోతలో వినేవాళ్ళు లేరు. మూడున్నర గంటలుగా ఎండలో మాడుతోంది.

కిందికి దిగి రెండు చెంబుల నీళ్ళు తాగాక ఆవిడ అల్లుడి చేతులు పట్టుకుంది. "నువ్వు ఆ రూలు పాటించి ఉంటే సాయంత్రం దాకా నా గతేమిటి? నీ మేలు మరిచిపోను." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి ఆయన, గుర్తు పెట్టడం మరిచినందుకు, గాలి లేచినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"మిగతా ఫొటోలు రేపు తీద్దురుగాని," అంది హెడ్‌మాస్టరమ్మ. "మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి, కాగితంతో సహా."

అప్పటినుంచి ఆయన ఒక్క రూలు కూడా తప్పడం లేదు. అత్తగారు మాత్రం అల్లుడున్నాడన్న ధైర్యంతో, మేడ మీదికి ఇప్పటికీ ఫోన్ తీసుకెళ్ళడం లేదు.