అపాయింట్‌మెంటు లేని మూర్ఛ

యంత్రం ఎదుట, పనివేళల్లో వచ్చినదే మూర్ఛ, మిగతాదంతా పుకారు. కొన్నేళ్ల కిందట మా పెద్దాసుపత్రి మానవాళికి ఇచ్చిన నిర్వచనం ఇది.

ఆగిరిపల్లి తోటల్లో చెట్టెక్కి మామిడికాయలు కోసే పెద్దిరాజుకి ఈమధ్య మూర్ఛలొస్తున్నాయి. తోట కౌలుదారు పున్నయ్య దయగలవాడే. "జబ్బున్నట్టు డాక్టరు కాగితం తేరా, కింద కాయలేరే పనిస్తా. లేదంటే ఎక్కాల్సిందే" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఓపిగ్గా వివరించారు. మూర్ఛ పుట్టే చోట మెదడు ఆ కాసేపూ చక్కెరని తెగ తినేస్తుందట. ఒంట్లోకి చక్కెర మందు ఎక్కించి, సరిగ్గా అప్పుడే ఫొటో తీస్తే జబ్బు చోటు బయటపడుతుందట.

"అదెప్పుడొస్తదో ఎవరికి తెలుసండీ?" అంది పెద్దిరాజు భార్య అచ్చమ్మ.

"పదింటికి పైన, భోజనాల్లోపు రావాలమ్మా" అన్నాడు యంత్రం నడిపే సువర్ణరాజు. (భోజన విరామంలో వచ్చిన మూర్ఛలు మర్నాటికి వాయిదా. ఆదివారం వచ్చినవి చెల్లవు.)

పాపం, పెద్దిరాజు మూర్ఛ బుద్ధిమంతురాలు. చాలాసార్లు తిప్పించినా, చివరికి ఒక పూట యంత్రంలో పడుకోబెట్టి మందెక్కించాక, వేళకే వచ్చింది.

ఆసుపత్రి మొత్తం ఎదురుచూసిన క్షణం అది. సువర్ణరాజు చటుక్కున యంత్రం ఆపేసి, రోగిని బయటికి లాగి, చేతిలో గది తాళాలగుత్తి పెట్టాడు. నర్సు కృపావతి బీరువా తాళాలు పెట్టింది. విదేశంలో చదివొచ్చిన డాక్టరుగారు స్కూటరు తాళం పెట్టారు. మూర్ఛొచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. చదువులన్నీ ఆ తర్వాత వచ్చినవే. పెద్దిరాజు తేరుకునేసరికి గుప్పిట్లో ఆసుపత్రి తాళాలన్నీ ఉన్నాయి, యంత్రంలో ఒక్క ఫొటో లేదు.

"మీరంతా చూశారు కదండీ" అంది అచ్చమ్మ.

"చూశామమ్మా. కానీ కాగితం యంత్రం చూసినదానికే ఇవ్వాలి" అన్నారు డాక్టరుగారు, నిజంగానే బాధపడుతూ. 'పరీక్షా సమయంలో మూర్ఛ నమోదు కాలేదు' అని రాసి, స్కూటరు తాళం అడిగి తీసుకున్నారు.

పున్నయ్య ఆ కాగితం చదివించుకుని సంతోషించాడు. "జబ్బు లేదంట్రా. ఇంకేంటి, ఎక్కు" అన్నాడు.

మర్నాడు పెద్దిరాజు చెట్టెక్కాడు. కోసిన కాయ నేలకి తగలకుండా కింద ఇద్దరు గోనెపట్టా పట్టుకోవడం తోటల్లో పద్ధతి. అచ్చమ్మ ఒక కొస పట్టుకుంది. కానీ పట్టాని కాయలు పడే వైపు కాకుండా, మొగుడు నిలబడ్డ కొమ్మ కిందకే లాగుతోంది.

కాయలకి దెబ్బలు తగులుతున్నాయని పున్నయ్య ఆమెని గట్టిగా మందలించాడు.