అరవై నాలుగు గళ్లలో పట్టినంత సత్యం

ఫెయిలవడం చేతకాని పరీక్షను మించిన పరీక్ష ఈ లోకంలో లేదు! కాదనేవాళ్లు జన్మలో ఒక్క పరీక్ష కూడా రాసి ఉండరు.

నేను రాశాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాళ్లలో నేనే మొదటిదాన్ని. అక్కడ ప్రశ్న ఇచ్చేది ఒకరు, జవాబు రాసేది ఒకరు, దిద్దేది ఇంకొకరు. ఎంత దండగమారి ఏర్పాటు! ఈ ముగ్గురూ ఒక్కరే అయితే ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఉద్యోగంలో చేరాకే తెలిసింది. దాన్ని మావాళ్లు యూనిట్ టెస్ట్ అంటారు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మందు డబ్బా మీద షాపువాళ్లు ఒక చీటీ అంటిస్తారు కదా, ఎన్ని మాత్రలు, ఎప్పుడు, ఎలా వేసుకోవాలి అని? పదాలనూ అంకెలనూ ఆ వాక్యంగా పేర్చి ఇచ్చే చిన్న ప్రోగ్రామ్ మాది, దాన్ని ఫంక్షన్ అంటాం. అది మూడు రకాల కంప్యూటర్ల మీద ఒకేలా పనిచేయాలి. చేస్తోందో లేదో చూసే టెస్టులు రాయడం నా పని.

మా దగ్గర అలాంటివి నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. 'హలో' ఇస్తే 'హలో' వచ్చిందా? వచ్చింది! నలభై రెండు ఇస్తే నలభై రెండు వచ్చిందా? భేషుగ్గా వచ్చింది! అన్నీ దారిలో ఎదురుపడి పలకరించేవే గాని, ఒంట్లో ఎలా ఉందని ఆగి అడిగేది ఒక్కటీ లేదు. పాసైన ప్రతిదానికీ గోడ మీది స్క్రీన్‌లో ఒక పచ్చ టిక్కు పడుతుంది. ఆ స్క్రీన్ ఎదురుగా కాఫీ కప్పుతో నిలబడడం మా మేనేజరుగారి పని. వెనకాల అందరం ఆయన్ని పచ్చజెండా సార్ అంటాం.

ఒకరోజు నాకు బుద్ధి గడ్డి తిని, హలోలు చాలని తెలుగులో నిజం చీటీ ఒకటి టెస్టులో పెట్టాను. 'ఇది ఖాళీ కడుపుతో వేసుకోకూడదు.' రెండు మెషిన్లు అప్పజెప్పేశాయి. మూడోది పాతకాలపుది. మందుల షాపుల కౌంటర్ల మీద ఉండేవన్నీ ఆ రకానివే. అది ఇచ్చిన జవాబు ఇదీ:

'ఇది ఖాళీ కడుపుతో వేసుకో'

సంగతేమిటంటే, వాక్యానికి మేమిచ్చే చోటు అరవై నాలుగు గళ్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక గడి చాలు. తెలుగు అక్షరానికి మూడు కావాలి, దాని గుణింతానికి మళ్లీ మూడు. చోటు చాలకపోతే మొదటి రెండు మెషిన్లూ నోరు తెరిచి అడుగుతాయి, మా ప్రోగ్రామ్ ఇస్తుంది. మూడోది అడగదు. పట్టినంత ఉంచి, మిగతాది కత్తిరించి, చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఎంత వినయం!

ఇదే మాట ఇంగ్లిష్‌లో ముప్పై ఒక్క గళ్లలో సర్దుకుంటుంది. పైగా ఆ భాషలో 'వద్దు' అనేది ముందే వచ్చి కూర్చుంటుంది. మనం మొత్తం చెప్పి, చివర్న కాదంటాం. తోక తెగితే 'కూడదు' పోయి ఆజ్ఞ మిగిలింది. తప్పు మన వ్యాకరణానిదే!

పరుగెత్తాను.

"సార్, మూడో మెషిన్‌లో 'కూడదు' ఎగిరిపోతోంది."

"అది సరే, ఆ ఎరుపేంటమ్మా?"

"అదే సార్, వాక్యం తెగుతోంది. అర్థం తిరగబడుతోంది."

"అర్థాలూ తాత్పర్యాలూ తర్వాత. ఎక్స్‌పెక్టెడ్ అన్నచోట ఏం రాశావ్?"

"పూర్తి వాక్యం సార్."

"ఇవ్వలేనిదాన్ని పట్టుకుని ఇంకా కావాలని ఎక్స్‌పెక్ట్ చేస్తే ఎట్లా? ఏది ఇస్తుందో అదే ఎక్స్‌పెక్ట్ చెయ్యి. ఉద్యోగంలోనే కాదు, సంసారంలోనూ సుఖపడతావ్."

పెద్దల మాట కాదనే అలవాటు మా ఇంటావంటా లేదు. మూడో మెషిన్‌కి రావలసిన సరైన జవాబు 'వేసుకో' అని నా చేత్తో నేనే టైపు చేశాను. టిక్కు పడింది. సార్ చప్పట్లు కొట్టారు. ఆ వారమే మొదటి విడతగా కొన్ని మందుల షాపులకి పంపేశారు కూడా.

ఇంత గొప్ప సూత్రాన్ని ఒక్క ఆఫీసుకే పరిమితం చేయడం అన్యాయం కాదా? గడియారం అరగంట వెనకుంటే, సూర్యుడే తొందరపడ్డాడనుకుంటే సరి! మూడు నొక్కితే లిఫ్టు రెండో అంతస్తులో ఆగిందా? అక్కడ గోడ మీద మూడు అని రాయించండి! దర్జీ ఒక చెయ్యి పొడుగు కుట్టాడా? ఆ చొక్కాకి తగ్గట్టు పుట్టకపోవడం మీ తప్పు! వంతెన కూలిన సాయంత్రం ఇంజనీరుగారు ఫైలు తెరిచి 'ఎక్స్‌పెక్టెడ్: కూలును' అని దిద్దుకుంటే ఆ వంతెన కూడా పాసే!

ఇక మా మేనత్త. ఆవిడ ఒక బడిలో ఆయా. యాభై దాటాక, చిన్నపిల్లల వెనక బెంచీలో కూర్చుని చదవడం నేర్చుకుంది. అప్పట్నుంచి సబ్బు కాగితం దగ్గర్నుంచి బస్సు బోర్డు దాకా పైకి చదవకుండా వదలదు. అచ్చులో ఉన్నదంటే ఆవిడకి వేదం. మోకాళ్ల నొప్పులకి డాక్టరు మాత్రలు రాసిన మర్నాడు ఫోన్ చేసింది.

"ఏమే కోడలా, మందుల షాపు చీటీకి బొత్తిగా మర్యాద లేదే! నన్ను పట్టుకుని 'వేసుకో' అంటోంది. 'వేసుకోండి' అంటే నోరరిగిపోతుందా?"

"మెషిన్ కదత్తా. దానికి చిన్నా పెద్దా ఏం తెలుస్తుంది?" అని నవ్వాను.

నవ్వాను! ఆ మాట టైపు చేసిన చేత్తోనే ఫోన్ పట్టుకుని!

ఆవిడ పదకొండు రోజులు పరగడుపునే వేసుకుంది. పన్నెండో రోజు రక్తం కక్కుకుంది. వార్డులో డాక్టరమ్మ కేకలేసింది. "ఖాళీ కడుపుతో ఎవరు వేసుకోమన్నారమ్మా? చదవడం రాకపోతే ఎవరినైనా అడగొద్దూ?"

డాక్టరమ్మ అటు వెళ్లగానే అత్త దిండు కింది డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. అక్షరం పొల్లుపోకుండా చేశాననుకున్నానే. తప్పు చదివానా? ఈ వయసులో నాకు చదువేంటని అందరూ అన్నారు. నిజమేనేమో."

"నువ్వు సరిగ్గానే చదివావత్తా. రాసిందే తప్పు. రాసింది నేనే."

ఆవిడకి ఎంత అర్థమయిందో తెలియదు. నా ముఖం చూసి, డబ్బా వెనక్కి తీసుకుని, చీటీని మళ్లీ వేలుపెట్టి చదువుకుంది. ఈసారి లోలోపల.

నాలుగు వందల పన్నెండు టెస్టులు పట్టుకోలేనిదాన్ని మా అత్త పొట్ట పదకొండు రోజుల్లో పట్టుకుంది. అయినా స్క్రీన్ మీద అప్పటికీ పచ్చగానే ఉంది. ఎందుకుండదు? నేను కోరిన జవాబే కదా వచ్చింది!

మర్నాడు ఆఫీసుకెళ్లి పూర్తి వాక్యం తిరిగి రాశాను. ఒక్కటి ఎర్రబడింది. ఫంక్షన్ని బాగుచేయడానికి రెండు రోజులు అడిగాను. టెస్టు తీసేయడానికి రెండు నిమిషాలు చాలన్నారు సార్. తియ్యనన్నాను. అయితే ఇంకొకరి చేత తీయిస్తానన్నారు. శుక్రవారం రిలీజ్, ఇంకా కొన్ని వందల కౌంటర్లకి.

మీరు ఇది చదివేసరికి శుక్రవారం దాటిపోయి ఉంటుంది. నా రెండు రోజులు గెలిచాయో, సార్ రెండు నిమిషాలు గెలిచాయో నేను చెప్పలేను. అందుకని ఈసారి మందు కొన్నప్పుడు చీటీ శ్రద్ధగా చదివి, కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్క మాట అడగండి: "బాబూ, ఈ వాక్యం అయిపోయిందా?"