దగ్గుకు వదిలిన చోటు

ఆ ఉదయం తిరువూరులోని ఆ ఇంట్లో ఉన్నది తాతయ్య యేసురాజు, మామయ్య ఐజాక్, అమ్మ, కుర్చీలు సర్దడానికి వచ్చిన పక్కింటి సుబ్బాయమ్మ, ప్రార్థన నడపడానికి వచ్చిన పాస్టరుగారు, పదో తరగతి జాస్మిన్. లేనిది అమ్మమ్మ హన్నమ్మ ఒక్కతే. ఆమెను సమాధి చేశాక పెట్టుకున్న ఆదరణ కూడిక అది.

జాస్మిన్ అనుకున్నది చిన్న పనే. అమ్మమ్మకిష్టమైన పాటకు కీబోర్డు వాయించి, ఎవరూ పలకరించేలోపు వంటింట్లోకి వెళ్లిపోవాలి. "నా కూడికలో నువ్వే వాయించాలే" అని అమ్మమ్మ మాట తీసుకుంది మరి.

ఆ కీబోర్డులో ఎడమచేత్తో మీటలు నొక్కగానే రిథమ్ దానంతటదే మొదలవుతుంది. అమ్మమ్మ మంచాన పడ్డాక, ఆమెకు పొద్దుపోవాలని, జాస్మిన్ ఫోనులో విన్న హిప్‌హాప్ బీటును ముక్కలుగా విడదీసి అందులోకి ఎక్కించింది.

"బాగుంది గానీ, కాస్త దగ్గుకోడానికి మధ్యలో చోటు వదలవే" అంది అమ్మమ్మ.

జాస్మిన్ బీటులో ప్రతి నాలుగో వరసనూ చప్పుడు లేకుండా ఖాళీగా వదిలింది. అమ్మమ్మ సరిగ్గా అక్కడే దగ్గి, నవ్వేది. దాచడానికి వేరే చోటు లేక, ఆ బీటును నెమ్మది పాటల రిథమ్ ఉండే నంబరులోనే దాచింది. తర్వాత మార్చాలనుకుంది. ఏడుపుల్లో మరిచిపోయింది.

పాస్టరుగారు తల వంచారు. జాస్మిన్ మీటలు నొక్కింది.

ఢుబ్! ఢుబ్ ఢుబ్, టక్!

ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. అయినా ఆగలేదు. కంగారులో పక్క బటన్ నొక్కితే డ్రమ్ములు ఇంకా చెలరేగాయి. ఇంతలో ఖాళీ వచ్చింది.

"హమ్మయ్య, ప్రార్థన చేసుకుందాం" అన్నారు పాస్టరుగారు.

ఢుబ్!

"హన్నమ్మొదిన లేచొస్తుందేమోనండీ!" అంది సుబ్బాయమ్మ.

వీధిలో వెళ్తున్న ఆటో డ్రైవరు తొంగిచూసి, "పుట్టినరోజాండీ?" అన్నాడు. ఐజాక్ పరుగున వచ్చి సౌండు తగ్గించబోయి పెంచాడు. చివరికి వైరు పీకేశాడు.

"పరువు తీశావు గదే! అమ్మమ్మ పోయిందన్న బాధన్నా లేదా నీకు?"

జాస్మిన్ కీబోర్డు ఎత్తుకుని అమ్మమ్మ గదిలోకి వెళ్లిపోయింది. కూడిక పాట లేకుండానే ముగిసింది. అమ్మమ్మకిచ్చిన మాట పోయింది.

కాసేపటికి తాతయ్య వచ్చి ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. అప్పటిదాకా ఆయన కంట చుక్క నీరు రాలేదు.

"అది మళ్లీ వెయ్యమ్మా. మెల్లగా."

వైరు తగిలించి వేసింది. ఖాళీ వచ్చినప్పుడు ఆయన దిండు వైపు చూశాడు.

"ఇక్కడే గదూ దగ్గేది?"

జాస్మిన్ తలూపింది. తాతయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. రిథమ్ సాగుతూనే ఉంది.

"మళ్లీనా!" అంటూ ఐజాక్ విసవిసా వచ్చి, జాస్మిన్ మొహం మీదే ధడేలున తలుపు మూశాడు. ఆ చప్పుడు సరిగ్గా ఖాళీలో పడింది.

ఎంతైనా హన్నమ్మ కొడుకు.